కొద్దిపాటి సొమ్ముతో ముంబై యాత్ర

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతవాసులకు ముంబై దూరమైన నగరమే గాని, అపరిచితమైన నగరం కాదు. మన ఊళ్ళ నడుమనుండి పోయే రాజమార్గమే ఆ దారి పట్టి పోతుంది. మచిలీపట్నం వద్ద బయలుదేరి విజయవాడ, హైదరాబాదు దాటి, పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాదుల మీదుగా షోలాపురం, పుణె చేరే ఈ రహదారికి పూర్వం 9వ నెంబరు ఉండేది. 2010లో 65వ నెంబరు వచ్చింది. నెంబరు ఏదైనా ప్రజల నోట అది బొంబాయి రోడ్డే. నగరం పేరు 1995లో ముంబైగా మారినా, మన పెద్దవాళ్ళకు అది ఇప్పటికీ బొంబాయే.

ఈ దారిన ఏటేటా పోయివచ్చేవారు తక్కువమంది కారు. ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోయే యువకుడు, గల్ఫు పనికి ఏజెంటు పిలిస్తే పోయే కార్మికుడు, టాటా ఆసుపత్రిలో తల్లికి చూపించవలెనని పోయే కొడుకు, పెళ్ళయిన పదేళ్ళకు భార్యాబిడ్డలకు సముద్రం చూపించవలెనని ముచ్చటపడే పాశమైలారం ఫిట్టరు - వీరి పనులు వేరు వేరు. చేతి సంచి మాత్రం అందరిదీ పలుచనిదే. అది ఖరీదైన నగరమన్న మాట విని కొందరు ప్రయాణమే మానుకొంటారు. కొందరు అప్పు చేసి పోయి, రెండవనాటికే సొమ్ము చెల్లిపోగా, పని ముగియకముందే తిరుగుముఖం పడతారు.

ఈ ఇరువురూ ఒకే విధంగా లెక్క తప్పుతున్నారు. ఖరీదైన నగరంలో ప్రతి వస్తువూ ఖరీదే అన్న భావన వారిది. ముంబైలో తిరగడం చవక. బహుశా మన హైదరాబాదు కంటెను చవక. కడుపు నింపుకొనడం కష్టం కాదు. చూడవలసిన వాటిలో చాలావాటికి టికెట్టే లేదు. తల దాచుకొనడం ఒక్కటే అక్కడ అసలైన ఖర్చు. కనుక ముంబై ప్రయాణానికి లెక్క వేసేవారు అక్కడ ఎన్ని పగళ్ళు ఉంటామన్నది గాక, ఎన్ని రాత్రులు పడుకొంటామన్నది ముందుగా తేల్చుకొనవలెను. మిగిలినదంతా ఆ లెక్క వెంట నడుస్తుంది.

దీనికి మరొక పద్దు కూడా కలపవలెను. మన పారిశ్రామిక వాడలో కాంట్రాక్టు పద్ధతిన పనిచేసేవారిలో అనేకులకు పనిలోకి పోని రోజున కూలి రాదు. అట్టివానికి ప్రయాణంలో ఒక రోజు పెరగడమంటే ఒక రాత్రి గది అద్దె, ఒక పగటి కూలి, రెండూ కలిసి పోవడమే. టికెట్టులో ఏబది రూపాయలు కలిసివచ్చునని ఒక రోజు ఆలస్యంగా చేరే బండి ఎక్కడం పొదుపు క్రిందికి రాదు.

ఆ నగరంలో గూడు ఎందుకింత ప్రియమైనది? దీనికి భూమి స్వరూపమే మొదటి కారణం. ముంబై మూలనగరం ఏడు ద్వీపాలు. వాటి నడుమ సముద్రాన్ని పూడ్చి, కట్టలు కట్టి ఒక్కటిగా చేసినారు. మూడు వైపుల నీరు; పెరగడానికి ఉత్తరపు దిక్కు ఒక్కటే. 1850 తరువాత నూలు మిల్లులు వచ్చినవి, మిల్లుల వెంట జనం వచ్చినారు. జనం పెరిగినంతగా నేల పెరగలేదు.

ఆ వచ్చిన జనంలో మనవారు ముందు వరుసలోనే ఉన్నారు. పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుండి నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల కూలీలు, తాపీ పనివారు ఆ ద్వీపాలను కలిపే పనులకు, భవన నిర్మాణానికి పోయినారు. వారిని అక్కడ కామాఠీలన్నారు. వారు నివసించిన పేట కామాఠీపురా అయినది. ఆ పేరుకు తరువాతి కాలంలో అంటుకొన్న అపకీర్తి వేరు సంగతి. మొదట అది రాళ్ళు మోసిన తెలుగువారి వాడ. వారి వెనుక పద్మశాలీలు మిల్లులకు పోయి వర్లీ ప్రాంతపు చాళ్ళలోను, తరువాత భివండీ మరమగ్గాల వద్దను స్థిరపడినారు. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని తెలంగాణంలో వలసను గూర్చి చెప్పుకొనే మూడు మాటలలో మొదటిది ఇదే.

ఈ చరిత్ర చెప్పడానికి కారణమున్నది. చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఆ నగరంలో బ్రతకడమెట్లో మనవారు నూరేళ్ళ క్రిందటనే కనిపెట్టినారు. ఒక గదిని పదిమంది పంచుకొన్నారు. రాత్రి పాళీవాడు పనికి పోగానే పగటి పాళీవాడు అదే చాపపై పడుకొన్నాడు. పెట్టె బేడా గోడకు, మనిషి వరండాలో. అన్నం మాత్రం నెలకింత అని కట్టి ఖాణావళిలో తిన్నారు. అనగా పూటకూళ్ళ ఇంటిలో. గూటికి అతి తక్కువ చోటు, తిండికి నమ్మకమైన చోటు, మిగిలిన కాలమంతా వీధి. నేటి యాత్రికుడు చేయవలసినది కూడ కొంచెం మర్యాదగా ఇదే.

ఇక ప్రయాణం. సంగారెడ్డి పట్టణానికి రైలు లేదు. పటాన్‌చెరు వారికి లింగంపల్లి దగ్గర. సదాశివపేట వైపు వారిలో కొందరికి వికారాబాదు అనుకూలం. ఏ బండి ఏ స్టేషనులో ఆగుతుందో టికెట్టు కొనకముందే చూచుకొని, వీలైతే అక్కడనే ఎక్కవలెను. నాంపల్లికో సికిందరాబాదుకో పోయి ఎక్కితే ఆటో ఖర్చు, గంటల కాలం దండుగ. మహిళలకు తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సులలో 2023 డిసెంబరు 9 నుండి ఉచిత ప్రయాణం ఏర్పడినది కనుక, ఇంటి నుండి స్టేషను దాకా వారికి ఖర్చే లేదు. గుర్తింపు కార్డు చేత ఉంటే చాలును.

హైదరాబాదు నుండి ముంబైకి రైలు దారి సుమారు 790 కిలోమీటర్లు. వాడి, కలబురిగి, షోలాపురం, పుణె మీదుగా పోతుంది. మొత్తం పదునాలుగు, పదునైదు గంటల ప్రయాణం. సాయంకాలం ఎక్కినవాడు మరునాటి ఉదయానికి చేరేటట్లు చూచుకొంటే ఒక రాత్రి గది అద్దె మిగిలినట్లే. స్లీపరు తరగతిలో మనిషికి ఐదువందల రూపాయల లోపు టికెట్టు. అదే దూరానికి ప్రయివేటు ఏసీ స్లీపరు బస్సు మామూలు రోజులలో దానికి రెండింతలు, మూడింతలు అడుగుతుంది. దసరా, దీపావళి వారాలలో ఎంత అడుగునో చెప్పలేము. బస్సుకున్న సౌకర్యం ఒక్కటే: పటాన్‌చెరులో గాని సంగారెడ్డి చౌరస్తాలో గాని ఎక్కవచ్చును, అక్కడ పన్వేల్, వాషీ, సయాన్ వంటి చోట్ల దిగవచ్చును. నవీ ముంబైలో పని ఉన్నవారికి ఇది తక్కువ మేలు కాదు.

రైలు టికెట్టుకు ముందుచూపు ఉండవలెను. రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుండి 60 రోజులకు తగ్గింది. పూర్వం నూట ఇరువది రోజులు ఉండేది. కాబట్టి సెలవు దొరికేది ఖాయమైన నాడే టికెట్టు కొనడం మంచిది. ఐదేళ్ళ లోపు పిల్లలకు టికెట్టు లేదు. ఐదు నుండి పన్నెండేళ్ళ లోపు వారికి ప్రత్యేకంగా బెర్తు కోరితే పూర్తి ఛార్జీ, కోరకపోతే సగం. రాత్రి ప్రయాణంలో తల్లి ప్రక్కన ఇమిడే బిడ్డకు బెర్తు తీసుకొనడమా, మానడమా అన్నది తల్లిదండ్రుల విచక్షణ. వృద్ధులకు పూర్వం ఉండిన రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. ఆ లెక్క ఇంకా మనసులో పెట్టుకొని సొమ్ము సర్దుకొనేవారు జాగ్రత్తపడవలెను.

ఏ కాలంలో పోవలెనన్నదానికి నా సమాధానం ఒక్కటే: వానకాలంలో వద్దు. ముంబై వాన మన వానవంటిది కాదు. 2005 జూలై 26న శాంతాక్రజ్ వద్ద ఇరువదినాలుగు గంటలలో 944 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. అంతటిది ఏటా రాదు. అయినా జూలై, ఆగస్టులలో పెద్ద వానకు సముద్రపు పోటు తోడైతే లోకల్ రైళ్ళు నిలిచిపోవడం సామాన్యమే. సొమ్మున్నవాడు హోటలులో కూర్చొని కిటికీలోనుండి వాన చూస్తాడు. మనవంటివానికి అది మరొక రాత్రి అద్దె. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు గాలి హాయిగా ఉంటుంది. అయితే డిసెంబరు 6న డాక్టర్ అంబేద్కర్ వర్ధంతికి లక్షలాది జనం దాదర్ చైత్యభూమికి వస్తారు. మన జిల్లాల నుండి కూడ పోతారు. శివాజీ పార్కులో కార్పొరేషనువారు వారికి బస, నీరు ఏర్పాటు చేస్తారు. దర్శనానికి పోయేవారికి అది పుణ్యదినం. వేరు పనిమీద పోయేవారు ఆ వారం దాదర్ పరిసరాలలో గది దొరుకునని ఆశించరాదు.

ఇప్పుడు గది మాట. ఇక్కడనే కొంచెం సేపు ఆగవలెను.

మన సంగారెడ్డిలో ఒక వింత జరిగింది. 1796 నాటి పాత జైలును మ్యూజియంగా మార్చి, 2016లో, ఐదువందల రూపాయలు చెల్లించినవారు ఒక పగలు, ఒక రాత్రి ఖైదీవలె గడపవచ్చునని ఏర్పాటు చేసినారు. ఖద్దరు దుస్తులు, జైలు తిండి అందులోనివే. ఆ ఐదువందలకు ముంబై నడిబొడ్డున తలుపు వేసుకొనే గది రాదు. శుభ్రమైన చిన్న గది ఇద్దరికి పదిహేనువందలు మొదలు రెండువేల ఐదువందల దాకా పలుకుతుంది. దక్షిణపు కొసన కొలాబా వైపు ఇంకా ఎక్కువ. కనుక గదిని వెదికే పద్ధతిని మార్చుకొనవలెను.

ఒంటరిగా పోయే మగవానికి గది అవసరమే లేదు, మంచం చాలును. పెద్ద స్టేషనులలో రిటైరింగ్ రూములు, డార్మిటరీ మంచాలు ఉన్నవి. రైలు టికెట్టు ఖాయమైనవారికే ఇస్తారు. టికెట్టు మీది పీఎన్ఆర్ నెంబరుతో ముందుగానే ఐఆర్‌సీటీసీ ద్వారా కొనవచ్చును. చవకయినవి కనుక త్వరగా నిండిపోతవి. ముంబై సెంట్రల్ స్టేషనులో 2021 నవంబరులో పాడ్ హోటల్ అని ఒకటి తెరచినారు. అనగా తేనెపట్టు గదులవలె ఒకదానిపై ఒకటి అమర్చిన పడక అరలు, చల్లదనం, దీపం, స్నానానికి చోటు. తరువాత శివాజీ మహారాజ్ టెర్మినస్‌లోను అటువంటివే వచ్చినవి. పన్నెండు గంటలకింత అని లెక్క. ఇరుకుచోటంటే భయపడేవారికి పనికిరాదు గాని, ఉదయం ఇంటర్వ్యూకు పోవలసినవానికి బాగుగనే ఉపకరిస్తుంది.

ఉదయం దిగి రాత్రికే తిరిగి ఎక్కేవారికి మంచం కూడ అక్కరలేదు. స్టేషను వెయిటింగు హాలులో ముఖం కడుగుకొని, సొమ్ము చెల్లించే స్నానపు గదిలో స్నానం చేసి, సామాను క్లోక్ రూములో పడవేసి నిశ్చింతగా పోవచ్చును. అయితే తాళం లేని సంచిని అక్కడ తీసుకొనరు. ఇంటినుండి ఒక చిన్న తాళం కప్ప తీసుకొని పోనివాడు స్టేషను బయట దానికి రెట్టింపు ధర పెట్టవలసి వస్తుంది.

కుటుంబంతో పోయేవారికి నేను చెప్పేది: రైలు మార్గం వెంట ఉత్తరంగా పోండి. థానే, కళ్యాణ్, వాషీ, పన్వేల్ వంటి చోట్ల అదే సొమ్ముకు పెద్ద గది వస్తుంది. లోకల్ రైలు ఉన్నందున దూరానికి భయపడనక్కరలేదు. గది స్టేషనుకు నడిచిపోయేంత దగ్గర ఉండవలెననేది మాత్రం ఖచ్చితంగా పట్టుకొనవలెను. లేకపోతే తగ్గిన అద్దె ఆటోవాని జేబులోకి పోతుంది. గది కుదుర్చుకొనేటప్పుడు చెప్పిన ధరలో పన్ను కలిసి ఉన్నదా అని అడగవలెను. బసలో దిగేటప్పుడు పెద్దవారందరి గుర్తింపు కార్డులూ అడుగుతారు.

బంధువుల ఇంట దిగడం ఉచితమని కొందరనుకొంటారు. అక్కడి మనవారి ఇండ్లు ఎట్టివో తెలిసినవారు అట్లనరు. చాళ్ళలో ఒకే గది. అందులోనే వంట, పడక, పిల్లల చదువు. నలుగురు చుట్టాలు దిగితే ఆ ఇంటి యజమాని వరండాలో పడుకొంటాడు. మర్యాదకు ఆయన చెప్పడు; మనమే గ్రహించవలెను. ఒక రాత్రికి మించి ఉండరాదు. పోయేటప్పుడు ఊరి బియ్యమో, పప్పో, ఇంటి పచ్చడో తీసుకొని పోతే ఆ ఇల్లాలికి సంతోషం. తిరిగి వచ్చేటప్పుడు పిల్లల చేతిలో పెట్టేది కూడ లెక్కలో ముందుగానే వేసుకొనవలెను. తెలిసినవారెవరూ లేకపోతే, దాదర్ తూర్పున హిందూ కాలనీలో బొంబాయి ఆంధ్ర మహాసభ ఉన్నది. అక్కడ బస దొరకునని కాదు; నాలుగు తెలుగు మాటలు వినిపించి, దారి చెప్పేవారు దొరుకుతారు.

నగరంలో తిరగడానికి లోకల్ రైలును మించినది లేదు. 1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి థానేకు 34 కిలోమీటర్లు నడచిన మన దేశపు మొదటి ప్రయాణికుల బండి ఈ మార్గానిదే. రెండవ తరగతి కనీసపు ఛార్జీ ఐదు రూపాయలు. పడమటి మార్గం చర్చిగేటు నుండి బోరివలీ, విరార్ వైపు. మధ్య మార్గం శివాజీ టెర్మినస్ నుండి థానే, కళ్యాణ్ వైపు. హార్బరు మార్గం వాషీ, పన్వేల్ వైపు. దాదర్‌లో మొదటి రెండు మార్గాలూ కలుస్తవి. మన బండ్లలో కొన్ని లోకమాన్య తిలక్ టెర్మినస్ చేరుతవి. అది కుర్లా వద్ద ఉన్నదని గుర్తుంచుకొంటే దిగినచోట తికమక ఉండదు. ఒకటి, మూడు, ఐదు రోజులకు చెల్లే యాత్రికుల టికెట్టు కూడ ఉన్నది. రోజుకు నాలుగైదుసార్లు ఎక్కి దిగేవారు అది కొనవచ్చును.

ఈ రైళ్ళకు ఒక మర్యాద ఉన్నది. ఉదయం ఎనిమిది నుండి పదకొండు దాకా జనమంతా దక్షిణానికి, సాయంకాలం ఐదు నుండి తొమ్మిది దాకా ఉత్తరానికి. ఆ వేళలలో పిల్లలతో, పెట్టెలతో ఎక్కడం సాహసం కూడ కాదు, అవివేకం. ఉత్తరాన గది తీసుకొన్నవారు ఉదయం పదకొండు తరువాత బయలుదేరి, రాత్రి తొమ్మిది తరువాత తిరిగి రావడం మేలు. ఫాస్టు బండి అన్ని స్టేషనులలో ఆగదు. మొదటి తరగతి పెట్టె చూడడానికి రెండవ తరగతి వలెనే ఉంటుంది. పెట్టెమీది గీతలు, అంకె చూడక ఎక్కినవానికి కనీసం 250 రూపాయల జరిమానా పడుతుంది. ఆ జరిమానా మన కుటుంబానికి ఒక పూట భోజనం. ఆదివారం మరమ్మతుల కొరకు కొన్ని మార్గాలలో పగలు బండ్లు నిలుపుతారు, మెగాబ్లాక్ అంటారు. ముందునాడే పత్రికలో వస్తుంది.

బెస్టు సంస్థ బస్సులలో కనీసపు ఛార్జీ 2025 మే నుండి పది రూపాయలు, ఏసీ బస్సులో పన్నెండు. ఆటోరిక్షాలు బాంద్రా, సయాన్ దాటి దక్షిణానికి రావు. అక్కడినుండి నల్లని, పసుపు పచ్చని టాక్సీలదే రాజ్యం. రెండూ మీటరు మీదనే నడుస్తవి. 2025 ఫిబ్రవరి సవరణలో టాక్సీకి 31 రూపాయలు, ఆటోకు 26 రూపాయలు కనీసపు ధరగా నిర్ణయించినారు. ఎంత తీసుకొంటావని బేరమాడడం మన అలవాటు. అక్కడ నోరు మూసుకొని కూర్చుంటేనే చవక.

భోజనం గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. వడాపావ్ ఇరువది రూపాయల లోపు వీధి వీధికీ దొరుకుతుంది. అన్నం లేనిదే తోచని మనవారికి మాటుంగా శరణ్యం. అక్కడ దక్షిణాది జనం చాలకాలంగా నివసిస్తున్నందున ఉడిపి హోటళ్ళు, అరటి ఆకులో వడ్డించే భోజనశాలలు ఉన్నవి. 1942లో వెలసిన రామనాయక్ ఉడిపి భోజనశాల వానిలో ప్రసిద్ధమైనది. మొదటి రోజుకు ఇంటినుండి పులిహోర, జొన్న రొట్టెలు కట్టుకొని పోవడం తెలివైన పని. మూడవ రోజుకు కూడ కట్టుకొని పోయి పాడైన అన్నం తినడం మాత్రం పిసినారితనం.

చూడదగిన వాటిలో సముద్రమే మొదటిది, దానికి టికెట్టు లేదు. మెరైన్ డ్రైవులో సాయంకాలం, గేట్‌వే ఆఫ్ ఇండియా, మలబారు కొండమీది తోటలు, జహంగీర్ చిత్రశాల - ఇవన్నీ ఉచితం. గేట్‌వే 1924లో పూర్తి అయినది. ఉచితమైన వాటిలో అన్నింటికంటె గొప్పది మనం దిగే స్టేషనే. 1878లో ఆరంభించి పదేళ్ళు కట్టిన శివాజీ మహారాజ్ టెర్మినస్ భవనం 2004లో ప్రపంచ వారసత్వ కట్టడమయినది. సామాను మోసుకొంటూ తల వంచుకొని పోకుండా, రోడ్డు దాటి ఎదుట నిలుచుండి చూడవలెను. రాత్రి దీపాలలో మరీ బాగుంటుంది. గాంధీగారు 1917 నుండి 1934 వరకు ముంబై వచ్చినప్పుడల్లా బస చేసిన మణిభవన్ చూడడానికి అయ్యే ఖర్చు స్వల్పమే.

సొమ్ము పెట్టి ఒక్కటే చూడగలిగితే ఏది చూడవలెను? చాలామంది ఎలిఫెంటా అంటారు. గేట్‌వే నుండి పడవలో గంట ప్రయాణం, రాకపోకలకు మనిషికి రెండువందల పైమాట. గుహలో ముమ్మూర్తుల మహాశిల్పం. సముద్రం మీద పోవడమే పిల్లలకు పండుగ. సందేహం లేదు. కాని మన ప్రాంతంవారు కన్హేరి గుహలు విడువరాదని నా మనవి. బోరివలీలో సంజయ్ గాంధీ జాతీయ వనం లోపల కొండను తొలిచి చేసిన నూరుకు పైగా బౌద్ధ గుహలవి. వానిలో శాతవాహన రాజుల కాలపు శాసనాలున్నవి. సంగారెడ్డికి దాపుననే ఉన్న కొండాపురంలో 1940వ దశకం మొదట త్రవ్వకాలు జరిపినప్పుడు బయటపడినవి ఆ శాతవాహనుల నాణేలే. రెండువేల సంవత్సరాల క్రిందట కూడ ఈ రెండు చోట్లూ ఒకే రాజుల పేరు విన్నవి. పడవ ఖర్చు లేదు. లోకల్ రైలులో బోరివలీ చేరి వనం టికెట్టు, గుహల టికెట్టు కొంటే సరి. రెండు చోట్లకూ సోమవారం సెలవు. ఆదివారం సెలవు చూచుకొని పోయి సోమవారం కూడ ఉండదలచినవారు ఈ మాట మరువరాదు.

ముచ్చటకు గాక జబ్బుకు పోయేవారి సంగతి వేరు. వారికి ఈ లెక్క వినోదం కాదు. 1941లో పరేల్‌లో స్థాపించిన టాటా మెమోరియల్ ఆసుపత్రికి మన ప్రాంతం నుండి క్యాన్సరు రోగులు పోతూనే ఉన్నారు. పోకముందు ఒక్కమాట: హైదరాబాదులో రెడ్‌హిల్స్ వద్ద 1955 నుండి ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి ఉన్నది. అక్కడ పరీక్షలు చేయించి, అక్కడి వైద్యుడు పొమ్మన్న మీదట పోవడం మంచిది. చేసిన పరీక్షలే ముంబైలో మరల చేయించే ఖర్చు కొంతయినా తగ్గుతుంది. పరీక్షల కాగితాలతోపాటు, ముక్క తీసి పరీక్షించినప్పటి గాజు పలకలు, మైనపు దిమ్మెలు కూడ అడిగి తీసుకొని పోవలెను.

క్యాన్సరు రోగి వైద్యానికై పోయేటప్పుడు స్లీపరులోను, మూడవ తరగతి ఏసీలోను రైల్వేవారు మొత్తం ఛార్జీ మినహాయిస్తారు. తోడు పోయే ఒకరికి ముప్పాతిక భాగం. వైద్యుడు నిర్ణీత ఫారములో సంతకం చేసి ఇవ్వవలెను. ఈ సంగతి తెలియక పూర్తి టికెట్టు కొని పోయేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆసుపత్రిలో పేరు వ్రాయించేటప్పుడు జనరల్, ప్రయివేటు అని రెండు తరగతులు ఉంటవి. త్వరగా అవుతుందన్న ఆశతో ప్రయివేటు అని చెప్పినవారికి ప్రతి పరీక్షకూ ఖర్చు పెరుగుతుంది. చికిత్స చేసే వైద్యులు రెంటికీ వారే. బస కొరకు దారిలో కనిపించిన లాడ్జిలోకి పోకుండా, ఆసుపత్రిలోనే ఉన్న వైద్య సామాజిక సేవా విభాగంవారిని కలవవలెను. సంత్ గాడ్గే మహారాజ్ పేర దాదర్‌లో ఉన్న ధర్మశాల వంటివి ఇట్టి రోగులకు, వారి తోడువారికి స్వల్పమైన రుసుముపై చోటు ఇస్తవి. తాను ఒక మట్టిపాత్ర, చీపురు తప్ప మరేమీ ఉంచుకొనక, బీదలకొరకు ధర్మశాలలు కట్టించి 1956లో కన్నుమూసిన మహనీయుడాయన. చోటు ఆనాడే దొరకునని చెప్పలేము. కాబట్టి మొదటి మూడు రాత్రులకు సరిపడే సొమ్ము విడిగా ఉంచుకొని పోవలెను.

చివరకు ఒక నమూనా లెక్క. దంపతులు, ఎనిమిదేళ్ళ బిడ్డ. బిడ్డకు కూడ బెర్తు. రైలు ఛార్జీ రానుపోను రెండువేల ఏడువందల ప్రాంతం. అక్కడ రెండు రాత్రులు, థానేలోనో వాషీలోనో గది: మూడువేలు. మూడు రోజుల భోజనం, ఉప్పుడికి ఇద్దరికి రెండువందల చొప్పున, బిడ్డకు కొంచెం తక్కువ: పదిహేనువందలు. లోకల్ రైలు, బస్సు, ఒకటి రెండుసార్లు టాక్సీ: ఆరువందలు. ఎలిఫెంటా గాని కన్హేరి గాని: ఏడువందల లోపు. అన్నీ కలిపి ఎనిమిదిన్నర వేలు. పదివేలు చేత ఉంటే పదిహేనువందలు తాకకుండా వేరే కొంగున ముడివేసి ఉంచవచ్చును. ఒక రాత్రి తగ్గించితే ఒకేసారి పదిహేనువందలు దిగుతుంది. తిండిలో, బండిలో ఎంత బిగించినా అంత తగ్గదు. ధరలు మారుతవి, ఈ పద్దుల పొందిక మాత్రం ఆ నగరంలో త్వరగా మారదు.

తిరుగు టికెట్టును పోయే టికెట్టుతోపాటే కొనవలెను. లింగంపల్లిలో ఆగే బండి చూచి కొంటే, తెల్లవారి అక్కడ దిగి, పటాన్‌చెరు బస్సు ఎక్కి, జనరల్ షిఫ్టు వేళకు గేటు వద్ద ఉండవచ్చును.